మేనేజర్‌కు ఫోన్ చేయకండమ్మా

కావలి నుంచి ఒక తల్లి అడిగారు: “మా అమ్మాయికి ఇరవై ఆరేళ్లు. ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ చేసి, నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో చేరింది. ఆరు నెలల కిందట షిఫ్ట్ ఇన్‌చార్జిని చేశారు. కింద అరవై మంది ఆడవాళ్లు. ఆదివారం ఇంటికొచ్చినా చెవి దగ్గర ఫోనే. మొన్న గ్రేడింగ్‌లో, అంటే రొయ్యల్ని సైజులవారీగా వేరుచేసే పనిలో, ఎవరో తప్పు చేస్తే తను మాట పడింది. ఇంత మెత్తని పిల్ల ఎలా నెగ్గుకొస్తుంది? టెన్షన్ పట్టలేక నేనే వాళ్ల మేనేజర్‌కు ఫోన్ చేశాను. అది తెలిసి నాతో ముభావంగా ఉంటోంది. ఉద్యోగం మాన్పించి ఎంబీఏ చేయించాలా, ఆన్‌లైన్ లీడర్‌షిప్ కోర్సు సరిపోతుందా?”

అమ్మా, ముందు ఆ ఫోన్ సంగతి. మీరు తప్పు చేశారు. అరవై మందికి పని పురమాయించే మనిషి తరఫున అమ్మ ఫోన్ చేసిందని షెడ్డులో తెలిస్తే, రేపు ఆమె మాట ఎవరు లెక్కచేస్తారు? ప్రేమకొద్దీ చేశారని తెలుసు. అయినా స్కూలు టీచర్‌తో మాట్లాడినట్టు మేనేజర్‌తో మాట్లాడకూడదు. అమ్మాయికి సారీ చెప్పండి. కన్నతల్లిని, నేను చెప్పడమేంటి అనుకోవద్దు.

ఇక మెత్తదనం. జరిగింది మీ ఉత్తరంలోనే వివరంగా ఉంది. పౌండు బరువుకు 31-40 రొయ్యలు తూగాల్సిన అట్టపెట్టెల్లో 41-50 తూగే చిన్న సైజు కలిసిపోయింది. మేనేజర్ నిలదీస్తే “చూసుకోవాల్సింది నేనే సార్” అంది తప్ప ఎవరి పేరూ చెప్పలేదు. మర్నాడు ఆ తప్పు చేసిన కొత్తమ్మాయి పక్కన గంటసేపు నిలబడి, ఐసులో తడిసిన రొయ్యలు రెండు సైజులవీ చెరో అరచేతిలో పెట్టి తేడా చూపించిందట. దీన్నా మీరు మెత్తదనం అంటున్నారు? పదిహేనేళ్ల సర్వీసున్న సూపర్‌వైజర్లు కూడా పైవాళ్ల ముందు కిందివాళ్ల పేర్లు చెప్పి తప్పించుకోవడం నేను చాలా చూశాను. మీ అమ్మాయి మాట తను పడి, పని సరిచేసింది. అలాంటి ఇన్‌చార్జి అడిగితే ఆ ఆడవాళ్లు ఇంకో గంటైనా నిలబడతారు.

ఆన్‌లైన్ లీడర్‌షిప్ సర్టిఫికెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. పెద్ద సంస్థ పేరు, పెద్ద ఫీజు, వారాంతంలో వీడియో పాఠాలు. లోడు లేటుగా వచ్చి, ఐసు చాలక, పదిమంది పనికి రాని రాత్రి ఏం చేయాలో వాటిలో దొరకదు. పైగా చాలామంది తల్లిదండ్రులు దాన్ని డిగ్రీ అనుకుని అప్పు చేసి మరీ కడుతున్నారు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ, అనుమతి తీసుకుని నడిపే ఆన్‌లైన్ ఎంబీఏ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022లోనే స్పష్టం చేసింది. నాలుగు నెలల కోర్సు చివర చేతికిచ్చే సర్టిఫికెట్ ఆ కోవలోకి రాదు. కట్టేముందు ఏది ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఎంబీఏ మంచిదే, ఇప్పుడే కాదు. ఐసెట్ రాసి ఏదో ఒక కాలేజీలో సీటు కోసం ఈ ఉద్యోగం వదలడం నాకు నచ్చదు. ఇంకో ఏడాదో రెండేళ్లో ఇన్‌చార్జిగా చేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవం బోలెడు ఉంటుంది. అయితే రాత్రి షిఫ్టుకు బండి పంపడం లేదన్నా, వారానికి ఒక సెలవు ఇవ్వడం లేదన్నా అది వేరే మాట. అప్పుడు కంపెనీ మారడం గురించి ఆలోచించాలి.

ఒకటి గమనించారా? ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మాయికి ఏం కావాలో ఒక్క వాక్యం లేదు. ఇన్నాళ్లూ ప్రతిదీ మిమ్మల్ని అడిగి చేసిన పిల్ల ఇప్పుడు సొంతంగా నిర్ణయాలు తీసుకుంటోంది. ఇక నాతో పనేముంది అన్న దిగులు మీ మాటల్లో కనిపిస్తోంది. కానీ ఆ అట్టపెట్టెల సంగతి మీకెలా తెలిసింది? ఆమే కదా చెప్పింది! అంత మాట పడిన రోజున ఎవరికి చెప్పుకోవాలనిపించిందో చూడండి. ఈ ఆదివారం సారీ చెప్పాక, ఆ కొత్తమ్మాయి ఇప్పుడు గ్రేడింగ్ ఎలా చేస్తోందో అడగండి. అడిగి, మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి.