నది రేవును నమ్ముకుని జర్మనీ పంపించొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ బీటెక్ ఫైనలియర్. క్యాంపస్‌లో ఐటీ కంపెనీ ఆఫర్ వచ్చింది. వాడేమో జర్మనీలో లాజిస్టిక్స్ ఎంఎస్ చేస్తానంటున్నాడు. డూయిస్‌బర్గ్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద నది రేవు ఉందని, దాన్ని ఇంకా పెంచుతున్నారని, ఉద్యోగం గ్యారంటీ అని కన్సల్టెన్సీవాళ్లు చెప్పారట. సముద్రం లేని చోట పోర్టేమిటి? మూటలు మోసే పనిలో పడతాడేమోనని మా ఆవిడకు నిద్ర పట్టడం లేదు. చేతిలో ఉన్న ఆఫర్ వదులుకుంటే బంధువులు ఏమంటారో! ఏది మేలు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు మీ ఆవిడగారికి ధైర్యం చెప్పండి. రేవు నిజంగానే ఉంది. రైన్ నదిలో రూర్ నది కలిసే చోట 1716లో మొదలైంది. రాటర్‌డామ్, ఆంట్‌వర్ప్ సముద్ర రేవుల్లో ఓడల నుంచి దిగిన కంటెయినర్లు బార్జీల (అడుగు చదునుగా ఉండే సరుకు పడవల) మీద రైన్‌లో ఎదురెక్కి ఇక్కడికి వస్తాయి. ఇక్కడి నుంచి రైళ్లూ లారీలూ పట్టుకుపోతాయి. కంటెయినర్లను ఎత్తేది క్రేన్లు. మూటల భయం వదిలేయండి.

గ్యారంటీ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఆ రేవు ఎలా పెరిగిందో చూడండి. డూయిస్‌బర్గ్‌లోని రైన్‌హౌసెన్‌లో క్రుప్ ఉక్కు ఫ్యాక్టరీ 1993లో మూతపడింది. కొన్నేళ్లకు ఆ స్థలంలోనే గోదాములు, కంటెయినర్ టెర్మినళ్లు వచ్చాయి. 2011 నుంచి చైనాలోని చాంగ్‌చింగ్ నుంచి సరుకు రైళ్లు రావడం మొదలైంది. ఒకప్పుడు బొగ్గు దించుకునే దీవిలో ఇప్పుడు కొత్త కంటెయినర్ టెర్మినల్ కట్టారు. అంటే అక్కడ విస్తరణ చాలాసార్లు పాత పని పోయిన స్థలంలోనే జరిగింది. కొత్త టెర్మినల్‌లో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. సరుకు పెరిగినంతగా కుర్చీలు పెరగవు.

ఆ ఉన్న కుర్చీల్లో ఎవరు కూర్చుంటారన్నది అసలు ప్రశ్న. బార్జీ నడిపేవాళ్లు, క్రేన్ ఆపరేటర్లు ఎక్కువగా అక్కడి వృత్తి శిక్షణ నుంచి, జర్మన్ భాషలో చదువుకుని వస్తారు. ఏ బార్జీకి ఎంత లోడు, ఏ కంటెయినర్ ఏ రైలుకు అని చూసే ప్లానర్ పనికి మీవాడి డిగ్రీ సరిపోవచ్చు. కానీ ఆ పనంతా ఫోన్‌లోనే నడుస్తుంది. 2018లో వానల్లేక రైన్‌లో నీళ్లు పడిపోయాయి. బార్జీలను పూర్తిగా నింపితే అడుగు నేలకు తగులుతుంది, అందుకని సగం లోడుతో నడిపారు. ఇనుప ఖనిజం చాలినంత అందక డూయిస్‌బర్గ్ ఉక్కు ఫ్యాక్టరీ ఉత్పత్తి తగ్గించుకుంది. అలాంటి రోజుల్లో ప్లానర్ పొద్దున్నే బార్జీ కెప్టెన్‌తో, రైల్వేతో, ఫ్యాక్టరీతో మాట్లాడి సరుకు దారి మార్చాలి. ఆ మాటలన్నీ జర్మన్‌లోనే. ఇంగ్లిష్ మీడియం ఎంఎస్ పట్టాతో, వచ్చీరాని జర్మన్‌తో వెళ్లిన పిల్లల్లో కొందరు గోదాములో పార్ట్‌టైమ్ షిఫ్టుల దగ్గరే ఆగిపోతున్నారు. మీ ఆవిడగారి భయంలో నిజమున్నది ఇక్కడే.

అందుకే ఈ లాజిస్టిక్స్ ఎంఎస్ మోజు నాకు నచ్చదు. మెకానికల్ చదివినవాడికి రేవులో అంతకంటే గట్టి చోటు ఉంది. క్రేన్ల మెయింటెనెన్స్, ఆటోమేషన్, కన్వేయర్లు. డూయిస్‌బర్గ్-ఎస్సెన్ యూనివర్సిటీలోనే మెకానికల్, ఆటోమేషన్ మాస్టర్స్ ఇంగ్లిష్‌లో చదివే వీలుంది. రేవు కుదరకపోయినా ఆ చదువు ఫ్యాక్టరీల్లో పనికొస్తుంది. తిరిగొచ్చి మన దగ్గర నది రేవుల్లో చేరతాడులే అని మాత్రం ఇప్పుడే లెక్కేసుకోకండి. మన కృష్ణలో ముక్త్యాల–విజయవాడ జలమార్గానికి 2017లో శంకుస్థాపన జరిగింది, వారణాసి టెర్మినల్ 2018లో ప్రారంభమైంది. కానీ జెట్టీ కట్టగానే రేవు అయిపోదు. ఏడాది పొడవునా లోతు, రెండు వైపులా సరుకు ఉండాలి.

ఇక మీతో ఒక మాట. కన్సల్టెన్సీ ఏమందో రాశారు, బంధువులేమంటారో రాశారు. అబ్బాయికి ఏ పనంటే ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. వాణ్ని కూర్చోబెట్టి అడిగారా? కన్సల్టెన్సీవాళ్లు చెబుతున్న యూనివర్సిటీ పబ్లికా, ప్రైవేటా అనైనా అడగాలి కదా! డూయిస్‌బర్గ్ ఉన్న రాష్ట్రంలో పబ్లిక్ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్‌కు కొంత కట్టాలి. ఏడాది ఖర్చుకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో) సుమారు 12 వేల యూరోలు చూపించాలి. ప్రైవేటు యూనివర్సిటీ అయితే ఫీజు అదనం. లక్షల అప్పు తలకెత్తుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్నే మీరు వదిలేశారు. పిల్లవాడి జీవితం బంధువుల నోటికి అప్పగించకండి.

ఏది మేలు అన్నారు. ఈ ఏడాదికి ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవాల్సిన పనే లేదు. ఆఫర్‌లో చేరమనండి, సాయంత్రాలు జర్మన్ నేర్చుకోమనండి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే జెంట్రమ్ ఉంది, ఆన్‌లైన్ క్లాసులూ దొరుకుతాయి. బీ1 (జర్మన్‌లో మధ్యస్థ స్థాయి) దాటాక కూడా వెళ్లాలనే అనిపిస్తే, నిశ్చింతగా పంపండి. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడ 18 నెలలు ఉండనిస్తారు, భాష వచ్చినవాడికి అది చాలినంత సమయం. ఏడాది ఆలస్యమైందని ఏ తలుపూ మూసుకుపోదు. ఈలోగా ఆ యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు అబ్బాయి చేతే రాయించి నాకు పంపండి. చూసి చెబుతాను.