మట్టి తడిగానే ఉంది, ఆంథూరియం మాత్రం వాడిపోతోంది!

ప్రశ్న: రెండు నెలల కిందట కడియం మొక్కల వ్యాన్ మా వీధికి వస్తే ఎర్ర ఆంథూరియం కొన్నాను. అప్పుడు మూడు పూలున్నాయి. చిన్న ప్లాస్టిక్ కుండీలో ఇరుక్కుని ఉందని జాలిపడి పెద్ద మట్టి తొట్టిలోకి మార్చాను. మా మామగారి పొలం నుంచి తెచ్చిన నల్లమట్టి, మాగిన పశువుల ఎరువు సగం సగం వేశాను. ఇప్పుడు కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, కొత్త మొగ్గ విచ్చుకోకుండానే నల్లబడింది. మట్టి తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం వాడినట్టుంటుంది. ఒంగోలులో మా వదిన ఉత్త కోకోపీట్‌లో (టెంకాయ పీచు పొట్టులో) పెట్టమంటోంది, షాపువాళ్ళేమో పాటింగ్ మిక్స్ బ్యాగు కొనమంటున్నారు. ఏది వేయమంటారు? మా బోరు నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ మొక్క వేళ్ళకి ఊపిరాడడం లేదమ్మా. మట్టి తడిగా ఉన్నా వాడిందని మీరే రాశారు చూడండి, అదే గుర్తు. కుళ్ళిన వేరు పక్కనే నీళ్ళున్నా తాగలేదు. మనమేమో పాపం దాహమేసిందనుకుని ఇంకో చెంబు పోస్తాం, మిగిలిన వేళ్ళు కూడా పోతాయి.

ఆంథూరియం పుట్టిల్లు కొలంబియా, ఈక్వడార్ అడవులు. అక్కడ అది ఎక్కువగా చెట్ల మానుల మీద, కొమ్మల సందుల్లో పేరుకున్న నాచులో, ఎండుటాకుల పొట్టులో వేళ్ళూని బతుకుతుంది. వానలు బాగా పడతాయి కానీ పడ్డ నీళ్ళు పడ్డట్టే జారిపోతాయి, వేరు చుట్టూ గాలి తిరుగుతూ ఉంటుంది. అలాంటిదాన్ని తెచ్చి నల్లరేగడిలో పాతాం. ఆ మట్టి సంగతి మీ మామగారికి చెప్పక్కర్లేదు, తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. పైగా దాంట్లో సున్నం పాలు ఎక్కువ, ఈ మొక్కకేమో కాస్త ఆమ్లగుణం కావాలి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. మొలగొలుకులు పండించిన జిల్లా కదా మనది, నీళ్ళు నిలిపే మట్టి కనబడితే మంచి మట్టి అనేస్తాం. వరికి మంచిదే.

మీ వదిన చెప్పింది సగం నిజం. కోకోపీట్ తేలిక, కానీ ఉత్తది వేస్తే మెత్తటి పొడి కాబట్టి తడిగుడ్డలా నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఇంకో తంటా ఉప్పు. టెంకాయ పొట్టులో ఉప్పు మామూలుగానే ఉంటుంది, ఉప్పునీటి గుంటల్లో నానబెట్టిన డొక్కల నుంచి తీసిందైతే ఇంకా ఎక్కువ. అందుకని ఇటుకలా వచ్చే ఆ దిమ్మని మంచినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, మళ్ళీ నానబెట్టి, కనీసం మూడుసార్లు కడగాలి. మీ బోరు నీళ్ళతో కడిగితే కడిగినట్టే కాదు. ఇక షాపు బ్యాగు సంగతి, కొనేముందు చేత్తో ఎత్తి చూడండి, బరువుగా ఉంటే అందులో ఎక్కువ మట్టో ఇసుకో ఉన్నట్టు, వదిలేయండి. తేలిగ్గా ఉంటే కొనొచ్చు కానీ ఒక్కటే వేయొద్దు, సగానికి సగం గరుకు ముక్కలు కలపాలి.

నేను కలిపేది చెప్తాను, ఏదో ఒక డబ్బా కొలతగా పెట్టుకోండి. గోరంత గోరంత కోసి రెండు రోజులు నానబెట్టి నీళ్ళు మార్చిన టెంకాయ డొక్క ముక్కలు మూడు డబ్బాలు, కడిగిన కోకోపీట్ ఒకటి, శనగగింజంత కొట్టిన కట్టెబొగ్గు ఒకటి, వానపాముల ఎరువు ఒకటి, పైన ఒక గుప్పెడు వేపపిండి. మట్టి అసలు లేదు, కంగారు పడకండి. డొక్కలు దొరక్కపోతే చిన్న ఇటుక ముక్కలు, రైస్ మిల్లు దగ్గర దొరికే సగం కాలిన ఊక వేయొచ్చు, పూర్తిగా బూడిదైన ఊక మాత్రం వద్దు, అది సున్నం వైపు లాగుతుంది. ఇసుక వేస్తే పెన్నా ముతక ఇసుక, అదీ కొంచెమే. ఒకసారి మైపాడు బీచికి పోయి వస్తూ తెలివనుకుని ఒక సంచి ఇసుక తెచ్చి కుండీల్లో కలిపాను, నెల తిరక్కుండా ఆకుల అంచులన్నీ కాలినట్టయ్యాయి, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

కలిపాక తడిపి గుప్పిట్లో పట్టి పిసకండి. చెయ్యి తెరవగానే విడిపోవాలి, ఉండ కడితే ఇంకా ముక్కలు కావాలన్నమాట. కుండీలో నింపాక ఒక గ్లాసు నీళ్ళు పోస్తే పైన నిలవకుండా దిగిపోవాలి.

కుండీ అడుగున గులకరాళ్ళు, పెంకులు పరిచే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. దానివల్ల నీళ్ళు తొందరగా పోవు, మెత్తటి మట్టి కిందికి రాగానే నీళ్ళు రాళ్ళలోకి దిగకుండా ఆ అంచునే ఆగుతాయి, అంటే తడి ఇంకా పైకి, వేళ్ళ దగ్గరికి వస్తుంది. కంత మీద కాస్త టెంకాయ పీచు వేస్తే చాలు. కుండీ కూడా వేళ్ళ ముద్దకంటే రెండంగుళాలు వెడల్పుంటే సరిపోతుంది. పెద్దది పెడితే వేళ్ళు చేరని చోట తడి ఆరదు.

ఇప్పుడు చేయాల్సింది: మొక్కని తీసి వేళ్ళు కడగండి, గోధుమరంగు తిరిగి మెత్తబడినవి కత్తిరించి పారేయండి, తెల్లగా గట్టిగా ఉన్నవి ఉంచండి. ఆ రసం చేతికి దురద పుట్టిస్తుంది, కవర్ తొడుక్కోండి. కొత్త మిశ్రమంలో పెట్టి, ఎండ నేరుగా తగలని తూర్పు కిటికీ దగ్గర ఉంచి, నెలదాకా ఎరువు మాట మర్చిపోండి. నీళ్ళు వేలితో చూసి పైన అంగుళం ఆరితేనే. ఫిల్టర్ నీళ్ళు పోయొచ్చు గానీ ఆర్‌ఓ మెషిన్ పైపు నుంచి బయటికి పోయే నీళ్ళు వద్దు, మీ బోరులోని ఉప్పంతా అందులోకే చేరుతుంది. అక్టోబరు, నవంబరులో మనకి పడే వానని డాబా మీద రెండు డ్రమ్ములు పట్టుకుంటే ఈ మొక్కకి అంతకంటే మంచి నీళ్ళు లేవు. తొట్టి అంచున తెల్లగా పొర కడితే ఉప్పు చేరిందని తెలుసుకోండి, ఆ వాననీళ్ళే నాలుగైదు చెంబులు పోసి కిందికి కారిపోనివ్వండి.

పూలకి మాత్రం తొందరపడకండి. మీరు పువ్వనుకునే ఆ ఎర్రటి తళుకు నిజానికి ఒక ఆకే, అసలు పూలు మధ్యలో కంకిలా ఉన్నదాని మీద చుక్కల్లా ఉంటాయి. ముందు వేరు, తర్వాత కొత్త ఆకు, ఆ తర్వాతే అది.

ప్రశ్న: ఇలాంటి మట్టి లేని మిశ్రమం మల్లెకి, మందారానికి కూడా వేయొచ్చా?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: వద్దండి, అవి నేలలో పెరిగే మొక్కలు. మీ వైపు దొరికే ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన ఎరువు ఒకటి, ముతక ఇసుక ఒకటి చాలు. డాబా మీద కుండీలో మందారం అయితే రోహిణి కార్తెలో రెండు పూటలా నీళ్ళు అడుగుతుంది, ఊరెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళండి.