రెండు మీటర్లలో దేన్ని నమ్మాలి?

ప్రశ్న: నమస్తే సర్. పెరట్లో షెడ్డు వేసి ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. రెండు డిజిటల్ తేమ మీటర్లు పక్కపక్కనే పెడితే ఒకటి 75 శాతం అంటుంది, ఇంకోటి 85. సగటు తీసుకోనా? గాలిలో తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత అంటూ మీటర్లో కనిపించే డ్యూ పాయింట్‌ని నమ్మొచ్చా? తెల్లవారుజామున రేకు నుంచి బెడ్ల మీద నీళ్లు కారుతున్నాయి.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: సగటు వద్దమ్మా, రెండూ తప్పే చూపిస్తుండొచ్చు. ముందు ఉప్పుతో పరీక్షించండి. చిన్న మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు కలపండి. ఉప్పు పూర్తిగా కరిగితే పరీక్ష చెడినట్టే. గాలి చొరని డబ్బాలో ఆ మూతనీ, మీటర్లనీ ఒకదానికొకటి తగలకుండా పెట్టి, ఎండ పడని గదిలో రాత్రంతా వదిలేయండి. పొద్దున డబ్బా మూత తీయకుండా బయటి నుంచే చదవండి. 20 డిగ్రీలైనా 30 అయినా లోపలి తేమ దాదాపు 75 శాతమే ఉంటుంది. ప్యాకెట్ ఉప్పే వాడండి. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలుంటాయి (వానాకాలంలో అది చెమ్మగిల్లేది అందుకే), వాటివల్ల తేమ తగ్గుతుంది.

మీకు కావలసింది 80–90 మధ్య కాబట్టి, నా ఉద్దేశంలో రెండో పరీక్షే ముఖ్యం. ఉప్పుకు బదులు పొటాషియం క్లోరైడ్ పెడితే 25 డిగ్రీల దగ్గర 84 శాతం రావాలి. పొలానికి వేసే ఎర్ర పొటాష్ అదేగా అనుకోకండి, అందులో మామూలు ఉప్పు కూడా కలిసుంటుంది. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో తెల్లది కొనండి. తేడా ఎంతుందో కాగితం మీద రాసి మీటర్ వెనక అతికించండి.

మేము ల్యాబ్‌లో డ్యూ పాయింట్‌ని అద్దంతో కొలిచేవాళ్లం. అద్దాన్ని చల్లబరుస్తూ పోతే, దాని మీద తేమ పట్టి నిలిచే ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. మీ మీటర్‌కి అద్దం లేదు. తేమ, ఉష్ణోగ్రత చూసి లెక్క కడుతుంది, అంతే. షెడ్డులో 28 డిగ్రీలు, 85 శాతం ఉంటే డ్యూ పాయింట్ 25 దాటుతుంది. తేమని 75గా చదివే మీటర్ 23 అంటుంది. రేకు 24కి చల్లబడితే నీళ్లు కారతాయి, మీటర్ మాత్రం ఏ ఇబ్బందీ లేదంటుంది.

ఫాగర్ (పొగమంచులా నీళ్లు చిమ్మే పరికరం) కింద మీటర్ వేలాడదీయకండి. ఎప్పుడూ తడిగాలిలో ఉండే సెన్సార్ నెమ్మదిగా దారి తప్పుతుంది కాబట్టి, ప్రతి పంటకీ ముందు ఒకసారి ఉప్పు డబ్బాలో పెట్టి చూసుకోండి.