మోకీలు మార్పిడి తర్వాత శుభ్రం చేసేకొద్దీ పెరుగుతున్న పుండు

మీ అమ్మగారి మోకాలి కుట్ల దగ్గరి పుండు రెండుసార్లు శుభ్రం చేసినా, యాంటీబయాటిక్స్ మార్చినా పెరుగుతూనే ఉందని, కల్చర్‌లో (పుండు నమూనాలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షలో) ఏ క్రిమీ కనిపించలేదని రాశారు కనుక, ఇది పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ కావచ్చు. ఇది క్రిములవల్ల వచ్చేది కాదు, రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడంవల్ల వచ్చే చర్మవ్యాధి. జ్వరం, తెల్లరక్తకణాల పెరుగుదల ఇందులోనూ ఉండవచ్చు కాబట్టి ఇన్ఫెక్షన్ అని పొరబడటం సహజం.

1. పుండు అంచును గమనించండి. అది ఊదారంగులో, లోపల తొలిచినట్టుగా ఉండి, విపరీతంగా నొప్పి పెడుతుంటే అనుమానం బలపడుతుంది.

2. తరచుగా జరగకుండా పోయేది ఇదే: మళ్లీ కోసి శుభ్రం చేయకముందే చర్మవ్యాధి నిపుణులకు చూపించమని సర్జన్‌గారిని గట్టిగా అడగండి. ఈ జబ్బులో ప్రతి కోతా కొత్త గాయమై పుండును ఇంకా పెంచగలదు. అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకీ, టీబీ, ఫంగస్ కల్చర్లకూ పంపాలి. కీలులో నిజంగా ఇన్ఫెక్షన్ ఉంటే చికిత్స వేరు కనుక, అందులోని ద్రవాన్నీ పరీక్షించాలి.

3. ఆమెకు కీళ్లవాతం, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుళ్లు పడే జబ్బు), రక్తసంబంధమైన జబ్బులు ఉంటే తప్పక చెప్పండి.

నిర్ధారణ అయితే సాధారణంగా స్టెరాయిడ్లు లేదా సైక్లోస్పోరిన్ (రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మందు) ఇస్తారు. అంతవరకు యాంటీబయాటిక్స్‌ను మీ అంతట మీరు ఆపవద్దు.