వంశధార మొగలో రాత్రి వేటకు గాలి టెంట్ కొనే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసే మొగలో రాత్రంతా గేలం వేయడానికి గాలి నింపే టెంట్ కొంటానని రాశావు. వద్దనను. కానీ నీ వేటకు అది సరిపోతుందో లేదో ముందు చూసుకో.

చీకటి పడ్డాక చేరేవాళ్లకి అది నిజంగా సుఖం. కర్రలు అతికించే పని లేదు, వాటి బదులుండే గొట్టాల్లోకి పంపు కొడితే పది నిమిషాల్లో నిలబడుతుంది. గాలి విసిరి కొట్టినా గొట్టాలు వంగి మళ్లీ లేస్తాయి. ఫైబర్ కర్రయితే విరిగి గుడ్డను చింపేస్తుంది.

చిక్కంతా బరువుతోనే. నలుగురు పట్టేది పదిహేను కిలోల దాకా ఉంటుంది, బండి ఆపిన చోటి నుంచి ఇసుకలో మోయాలి. మొగ దగ్గర ఒకే చోట కూర్చుంటే కుదరదు, పోటూ ఆటూ చూసి జరుగుతూ ఉండాలి. బరువైన టెంట్ వేశాక కదలబుద్ధి కాదు. నీళ్లు దగ్గరికొస్తున్నా ఇంకాసేపు చూద్దాం అనిపిస్తుంది. నా భయం అదే. అమావాస్య, పున్నములకి పోటు ఎక్కువ. పైన ఒడిశాలో వానలు పడి వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారంటే, మనకి చినుకు లేకపోయినా నది పొంగుతుంది. కాబట్టి ఇద్దరే వెళ్తే చిన్న టెంట్ చాలు, టార్పాలిన్ అయినా చాలు. పిల్లలతో మడ్డువలస రిజర్వాయర్ వైపు, బండి పక్కనే దిగే చోటికి వెళ్తే మాత్రం పెద్ద గాలి టెంటే హాయి.

కొన్నాక దాని కింద మందపాటి పట్టా తప్పనిసరి. పల్లేరు కాయలకి టెంట్ ఆగదు. గేలాలు లోపలికి తీసుకెళ్లనే వద్దు. అతుకుల కిట్టు, పంపు ఎప్పుడూ వెంట ఉండాలి. మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపితే, తెల్లారుజామున 25 డిగ్రీలకి దిగేసరికి ఒక పీఎస్ఐ దాకా తగ్గుతుంది. పంక్చర్ అనుకుని టెన్షన్ పడకు, కాస్త కొట్టు. చల్లటి వేళ బిగుతుగా నింపి ఎండలో వదిలేస్తే మాత్రం గొట్టం పగలొచ్చు.

ఇసుకలో మేకులు నిలవవు. యూరియా సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పాతిపెట్టు. ఖాళీ టెంట్‌ని గాలి ఎత్తుకుపోతుంది.

లోపల పొయ్యి, బొగ్గులు వద్దే వద్దు. వాటి నుంచి వచ్చే విషవాయువుకి వాసన కూడా ఉండదు. ఉరుము వినిపిస్తే టెంట్‌లో కూర్చోకుండా కారెక్కు. తిత్లీ తుఫాను మన తీరం దాటింది 2018 అక్టోబర్ 11నే కదా, ఆ నెలల్లో వాయుగుండం కబురు వింటే ప్రయాణమే మానుకో.

ఇంటికి రాగానే జిప్పులు మంచినీళ్లతో కడుగు, ఉప్పు పట్టేస్తే కదలవు. బాగా ఆరాకే మడతపెట్టు. బేరం కుదిరే ముందు బరువెంతో ఒకసారి రాయి, చూసి చెప్తాను.

ఇట్లు,
మీ మావయ్య