‘బాగానే ఉన్నాను’ అనుకుని బీపీ మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. ఏ విషయంలోనైనా మొదట కలిగిన అభిప్రాయాన్నే పట్టుకుని ఉంటాను, ఎవరు కాదన్నా చెవికెక్కదు. ఇలా ఆలోచన పదేపదే ఒకవైపే మొగ్గి చేసే పొరపాట్లను కాగ్నిటివ్ బయాస్‌లు అంటారని ఈమధ్య చదివాను. ఇది మానసిక జబ్బా? మందులతో తగ్గుతుందా? గతంలో బీపీ మాత్రలు వాడేవాణ్ని. అవే మాత్రలు వాడిన ఒకాయనకు కిడ్నీలు పాడయ్యాయని విని మూడు నెలల కిందట మానేశాను, బాగానే ఉన్నాను. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్లవుతుంది గాని, కాసేపు కూర్చుని గ్యాస్ మాత్ర వేసుకుంటే సర్దుకుంటోంది.

జవాబు: ఇది జబ్బు కాదు, దీనికి మందులు లేవు, అవసరమూ లేదు. పూర్తి సమాచారం లేనప్పుడు మనసు దగ్గరి దారి వెతుక్కుంటుందనీ, ఆ దారి చాలాసార్లు పనికొచ్చినా కొన్నిచోట్ల పదేపదే ఒకే రకం పొరపాటు చేయిస్తుందనీ ట్వర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లోనే వివరించారు. ఈ స్వభావం అందరికీ ఉంటుంది. మీ ప్రశ్నకు ఇంతవరకే చెప్పి, మీరు చివర్లో యథాలాపంగా రాసిన విషయానికి వస్తాను, ఎందుకంటే నన్ను కలవరపెట్టింది అదే.

శ్రమ పడినప్పుడు ఛాతీ పట్టేయడం, కూర్చుంటే తగ్గడం గుండె రక్తనాళాల్లో అడ్డంకులు ఉన్నవారిలో తరచుగా కనిపించే లక్షణం. మీకు అదే ఉందని ఉత్తరం చూసి చెప్పలేను, లేదని చెప్పే సాహసం అసలే చేయను. మీరు మాత్ర వేసుకున్నారు, కూర్చున్నారు కూడా. నొప్పి దేనివల్ల తగ్గిందో తెలియదు, కానీ గ్యాస్ అని ముందే అనుకున్నారు కాబట్టి తగ్గిన ప్రతిసారీ ఆ నమ్మకం గట్టిపడింది. 1960లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరికి 2, 4, 6 అనే అంకెలిచ్చి వాటి వెనక ఉన్న సూత్రం కనుక్కోమన్నప్పుడు, చాలామంది తమ ఊహకు సరిపోయే అంకెలనే చెప్పి చూసి, రెండేసి పెరగడమే సూత్రమన్నట్లు తేల్చేసుకున్నారు. అంకెలు పెరుగుతూ పోతే చాలన్నదే అసలు సూత్రం. ఊహ తప్పేమోనని పరీక్షించాలని వారికి తోచలేదు. అలాగని గ్యాస్ మాత్ర మాని మెట్లెక్కి చూడకండి. ఇది ఇంట్లో చేసుకునే పరీక్ష కాదు.

ఇక మాత్రలు మానిన సంగతి. బీపీ ఎక్కువగా ఉన్నా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు కాబట్టి, బాగానే ఉన్నానన్నది ఆధారం కాదు. కిడ్నీలు పాడైన ఒక్కరి కథ మనసులో నాటుకుంటుంది, అవే మాత్రలతో ఏళ్ల తరబడి క్షేమంగా ఉన్నవారి గురించి ఎవరూ మాట్లాడరు. నిజానికి కిడ్నీలు దెబ్బతినడానికి ముఖ్య కారణాల్లో అదుపులో లేని బీపీ ఒకటి. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేటప్పుడు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం రక్త పరీక్షలు చేయించాలన్నది నిజమే. అనుమానం వస్తే ఆ పరీక్షల గురించి అడగాలి గాని, మాత్రలు మానడం మీ అంతట మీరు తీసుకోవలసిన నిర్ణయం కాదు. అడగడానికి ఒక్క పూట సరిపోయేది, మూడు నెలలు పోగొట్టుకున్నారు.

రేపటికి వాయిదా వేయకుండా ఈరోజే ఫిజీషియన్‌ను గాని కార్డియాలజిస్టును గాని కలవండి. అక్కడ ‘గ్యాస్ నొప్పి’ అంటూ మొదలుపెట్టకండి, మొదట విన్న మాట వైద్యుడి ఆలోచనను కూడా అటే లాగగలదు. ఏం చేస్తుండగా వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, చెయ్యికి గాని దవడకు గాని పాకుతోందా అన్నవి చెప్పండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన గుండె జబ్బు లేదని తేలిపోదు. ట్రెడ్‌మిల్ వంటి పరీక్షలు అవసరమా అన్నది వారే నిర్ణయిస్తారు. కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే అంబులెన్సులో ఎమర్జెన్సీకి వెళ్లండి. పాత మాత్రలు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టవద్దు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసుకుని, ఎక్కువ వచ్చిన రీడింగును ‘ఏదో కంగారులో వచ్చింది’ అని కొట్టేయకుండా, ప్రతిదీ తేదీతో, సమయంతో రాసి వారికి చూపించండి.