ప్రీమియం కట్టింది నేను, పన్ను మినహాయింపు ఆయనకా?

ప్రశ్న: మాది కర్నూలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. జీతం ఏడాదికి 12 లక్షలు. నిరుడు పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. పిల్లలిద్దరూ నా దగ్గరే, ఖర్చులకు ఆయన నెలనెలా పంపుతారు. నాకూ పిల్లలకూ కలిపి నా పేరున ఉన్న ఫ్లోటర్ (కుటుంబమంతటికీ ఒకే) ఆరోగ్య బీమా పాలసీకి 24,000 కట్టాను. అందులో సగం ఆయన నా ఖాతాలో వేశారు. ఇప్పుడు "పిల్లల వాటా నేను ట్యాక్స్‌లో చూపించుకుంటా, సర్టిఫికెట్ పంపు" అంటున్నారు. పంపితే నాకు నష్టమా? పాపకు ఉబ్బసం, పాలసీ ఏమవుతుందోనని టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీకు నష్టమేమీ లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఉద్యోగులకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది. వేరే ఆదాయం పెద్దగా లేకపోతే మీరు కట్టాల్సిన పన్ను సున్నా. ఆరోగ్య బీమాకిచ్చే 80డి మినహాయింపు పాత విధానంలోనే ఉంది. అంటే, అది మీకు అక్కర్లేనిది.

ఆయన పాత విధానంలో ఉంటే ఆయనకు అక్కరే. పిల్లలు తనపై ఆధారపడి ఉండాలంటుంది చట్టం, ఒకే ఇంట్లో ఉండాలనదు. మీరు మాత్రం ఇప్పుడు ఆయన భార్య కారు, మీ వంతు ప్రీమియం ఆయన చూపించకూడదు. చిక్కల్లా, ఆయన డబ్బిచ్చింది మీకు, కంపెనీకి కట్టింది మీరు. సర్టిఫికెట్లో ఉన్నదీ మీ పేరే. రేపు నోటీసొస్తే ఆయన ఏం చూపిస్తారు? ఈ ఏడాదికి వదులుకోమనండి.

వచ్చే ఏడాది పిల్లలకు వేరే పాలసీ ఆయన పేరున తీసుకుని, ఆయన ఖాతా నుంచే నేరుగా కట్టొచ్చు. నగదు చెల్లదు. ఆయన సొంత పాలసీతో కలిపి పరిమితి 25,000. అంతా చేసి 12,000 మీద, 30 శాతం శ్లాబులో ఉన్నా, సెస్సుతో కలిపి మిగిలేది 3,744 రూపాయలు! (ఇంతకంటే తక్కువ మొత్తానికి నలభై మెసేజీలు పంపుకున్న మాజీ దంపతుల్ని చూశాను లెండి.)

నాకైతే పాప ఉబ్బసమే ముఖ్యం. కొత్త పాలసీ అంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటి ఖర్చు కంపెనీ ఇవ్వని కాలం) మళ్లీ మొదలుకావచ్చు, అది మూడేళ్ల దాకా ఉండొచ్చు. ఇప్పుడున్న కంపెనీయే పిల్లల్ని విడదీసి, గడిచిన ఏళ్లను లెక్కలో ఉంచుతామంటేనే ఒప్పుకోండి. ఆ మాట ఏజెంటు ఫోన్లో చెబితే చాలదు, కంపెనీ నుంచి మెయిల్ రావాలి.